యలహంక బండిలో మొదటి పేరు

కుందలహళ్ళి సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ప్రాజెక్టు లేనివాళ్లు కూర్చునే వరసను బెంచి అంటారు. అక్కడ నిజంగా బెంచి ఏమీ లేదు. అందరికీ ఇచ్చిన కుర్చీలే. అయినా ఆ కుర్చీలో కూర్చుంటే నడుము ఎక్కువ నొప్పి పుడుతుందని అనసూయకు అనిపించేది.

ఆమె పదకొండేళ్లు కోబాల్‌లో ప్రోగ్రాములు రాసింది. రెండువేల సంవత్సరం దాటాక ఆ పాత భాషతో పని తగ్గిపోయింది. ఇప్పుడు ఎవరిని కదిపినా జావా అంటున్నారు. బెంచి మీదవాళ్లు ఒక్కొక్కరే కనపడకుండా పోతున్నారు. పొద్దున వచ్చి చూస్తే పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది. టేబుల్ మీద టీ కప్పు మాత్రం మిగిలి ఉంటుంది. అనసూయ జీతం మీదే ఇల్లు నడుస్తోంది.

టీమ్ లీడర్ లలిత్ ఆమెకంటే చాలా చిన్నవాడు. ఒకరోజు వచ్చి ఆమె టేబుల్‌కి ఆనుకుని నిలబడ్డాడు.

"మేడం, చిన్న పని. సాయంత్రం ఇళ్లకి దింపే బండ్లకి పేర్ల షీట్ రోజూ చేత్తో టైప్ చేస్తున్నారు. జావాలో ఒక ప్రోగ్రాం రాయండి. ముందు మీ యలహంక బండికి చాలు. అది సరిగ్గా నడిస్తే మిమ్మల్ని మా టీములోకి తీసుకుంటున్నానని మెయిల్ పెడతా."

నడవకపోతే ఏమవుతుందో అతను చెప్పలేదు. ఆమె అడగలేదు.

నేర్పే పని పక్క సీటు చైతు మీద పడింది. యలహంక బండిలో రోజూ ఆమెతోపాటు వచ్చే కుర్రాడు. నోరు ఊరుకోదు.

"అక్కా, కోబాల్ మర్చిపోండి. జావాలో లెక్క సున్నా నుంచి మొదలు. మన లిఫ్ట్ లాగా. కింద సున్నా, దాని పైన ఒకటి."

"తెలిసిందిలేప్పా."

"అదే నా భయం. నేర్చుకునేటప్పుడు నేనూ అలాగే అన్నా."

కళ్లు మండేదాకా స్క్రీన్ చూసి, టీ తాగి, మళ్లీ చూసి, ఆ వారం ఎలాగో ప్రోగ్రాం పూర్తి చేసింది. షీట్ ప్రింట్ తీసి, పాత అలవాటు కొద్దీ పెన్సిల్ పట్టుకుని ఒక్కో పేరూ సరిచూసింది. ఎవరు ఎక్కడ దిగాలో కూడా చూసింది. అన్నీ సరిగానే ఉన్నాయి. షీట్ కిందికి పంపింది.

సాయంత్రం డ్రైవర్ పాపయ్య బండి తలుపు దగ్గర నిలబడి పేర్లు చదివాడు. పిలిచినవాళ్లు పిలిచినట్టు ఎక్కి కూర్చున్నారు.

"అంతే. పోదామా?" అన్నాడు.

"నన్ను పిలవలేదు కదప్పా," అంది అనసూయ కిందే నిలబడి.

"నీ పేరు లేదక్కా. ఉండేవన్నీ చదివినా."

"సరిగ్గా చూడు."

"చూస్తానే ఉండా. చైతు సార్‌తో మొదలైంది. పేపర్లో లేకుండా ఎక్కించుకుంటే గేటుకాడ సెక్యూరిటీ బండిని కదలనీడు, నీకు తెలీనిదా?"

చైతు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఎవరక్కా ఈ ప్రోగ్రాం రాసింది? వాళ్లని పీకేయాలి!"

బండంతా నవ్వింది. అనసూయ కూడా నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. ఆమె ముఖం చూసి చైతు తల లోపలికి లాక్కున్నాడు. "సారీ అక్కా. ఊరికే అన్నా."

బైకు తీసుకోవడానికి వచ్చిన లలిత్ ఆగి, పాపయ్య చేతిలోని షీట్ తీసుకున్నాడు.

"చెక్ చేయలేదా మేడం?"

"చేశాను. అందరి పేర్లూ చూశాను."

"మీ పేరు?"

"నాది చూసుకోవాలని తోచలేదు."

"ఇంకొకరి పేరు పోయుంటే ఈపాటికి నా మీద పడి అరిచేవాళ్లు. మీరు మిమ్మల్నే వదిలేశారు. ఎవరికి కంప్లైంట్ చేస్తారు?" అది తిట్టో వేళాకోళమో ఆమెకు అర్థం కాలేదు. "రేపు సాయంత్రం చూద్దాం. బండిలో అందరూ ఎక్కాలి," అని షీట్ ఇచ్చేశాడు.

బండి వెళ్లిపోయింది. ఆమె తిరిగి లోపలికి వెళ్లి లిఫ్ట్ ఎక్కింది. బటన్ నొక్కబోయి చెయ్యి ఆపింది. ఒకటి కింద సున్నా ఎర్రగా వెలుగుతోంది. తను నిలబడింది అక్కడే. చైతు చెప్పిన మాట బుర్రకు ఎక్కింది కానీ చేతికి ఎక్కలేదు. పదకొండేళ్లుగా ఒకటి నుంచి లెక్కపెట్టిన చెయ్యి. అందుకే సున్నా దగ్గరున్న పేరు పోయింది. అక్షరాల వరసలో ముందుండేది తన పేరే.

పైకి వెళ్లి ప్రోగ్రాంలో ఒకటి చెరిపి సున్నా పెట్టింది. ప్రింట్ తీసింది. అన్నిటికన్నా పైన అనసూయ అని ఉంది. దాన్ని చూసి సంతోషపడే ఓపిక లేదు. రెండు బస్సులు మారి యలహంక చేరేసరికి కాళ్లు లాగేశాయి.

మర్నాడు సాయంత్రం లలిత్ బైకు మీద కూర్చుని చూస్తున్నాడు. పాపయ్య గొంతు సవరించుకున్నాడు.

"అనసూయ!"

"ఉండానప్పా."

ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. మిగతావాళ్లు వరసగా ఎక్కారు. ఎవరూ కింద మిగల్లేదు. లలిత్ కిటికీ దగ్గరికి వచ్చి, "మెయిల్ పొద్దునే పెడతా మేడం. సోమవారం మా వైపు వచ్చి కూర్చోండి," అన్నాడు. ఆమె తల ఊపింది.

బండి గేటు దాటింది. చైతు ముందుకు వంగాడు.

"అక్కా, ఆ టీములో వచ్చే నెల నుంచి డాట్ నెట్ అంట. మళ్లీ కొత్తది నేర్చుకోవాలి."

అనసూయ కళ్లు మూసుకునే అడిగింది. "అందులో లెక్క ఎక్కణ్ణించి?"

"సున్నా నుంచే."

"అయితే సరే," అని కొంగు భుజం చుట్టూ లాక్కుని, తల కిటికీకి ఆనించి, దారిలో హెబ్బాళ రాకముందే నిద్రపోయింది.