రంగం మీద సక్కుబాయి మాట

సక్కుబాయి నోట అమ్మవారు పలుకుతుందని రాయదుర్గం గుట్టల చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ గట్టి నమ్మకం. ఆషాఢంలో బోనాల మర్నాడు గుడి ముందు పచ్చికుండ మీద నిలబడి ఆమె రంగం చెబితేనే ఆ ఏటి మంచిచెడ్డలు తేలేవి. కుండ చేసే వంతు కుమ్మరిది, దివిటీ పట్టే వంతు చాకలిది. సాంబ్రాణి వేసే వంతు పీర్లకొట్టం చూసుకునే ఫకీరుది. వీళ్లందరి వంతూ సాయంత్రానికి తీరిపోయేది. సక్కుబాయి వంతు మాత్రం బతుకంతా! రంగం చెప్పే ఆడదానికి మగడు ఉండకూడదు మరి. ఈడు రాకముందే గుడిలోని కత్తికిచ్చి పెళ్లి చేసి, ఆమె మెడలో పుస్తె కట్టేశారు. అదేం మొగుడో! ఉలకదు, పలకదు, చచ్చి విడిచిపెట్టనైనా పెట్టదు.

ఆమె తర్వాత వంతు మేనకోడలు కిష్టమ్మది. కానీ కూకట్‌పల్లిలో సైకిల్ దుకాణం నడిపే కుర్రవాడొకడు కిష్టమ్మను చూసి ఇష్టపడ్డాడు. ఆ పిల్ల సంబరం పట్టలేక గోడలకు ఎర్రమన్ను పూస్తూ ఒకటే పాటలు. ఊరి పెద్ద రాజయ్యకు సంగతి తెలిసి మండిపోయింది.

"ఏంది సక్కవ్వా గిది? పిల్లను గట్ల ఇచ్చేస్తే రేపు అమ్మ ఎవల నోట పలకాలె?"

"నేనింక సావలేదు గద పటేలా!"

"జర ఆగు. రంగంల అమ్మనే అడుగుదం. ఆమె ఎట్లంటే అట్ల."

ఆ మాటతో సక్కుబాయి ప్రాణం లేచొచ్చింది. అమ్మను అడగడమంటే తనను అడగడమే కదా! చిన్నప్పుడు ఒంటి మీద తెలివి లేకుండా పలికిన మాట నిజమే. తర్వాత్తర్వాత వానల గురించీ రోగాల గురించీ తనకు తోచిందే చెప్పేది. అది అబద్ధమని ఏనాడూ అనుకోలేదు. తోపించేది అమ్మేననుకునేది. ఈసారి కిష్టమ్మను విడిపించమని కూడా అమ్మే తోపించిందనుకుంది, పిచ్చితల్లి.

రంగం నాడు జనం విరగబడ్డారు. అమ్మవారి పాటలు పాడే బైండ్ల బాలనర్సయ్య జమిడిక వాయించి, పాట ఆపి అడిగాడు.

"తల్లీ, సక్కవ్వ తర్వాత నీకు ఎవలు కావాలె?"

"ఎవలొద్దు! ఈ ఇంటి ఆడపిల్లను ఇగ ముట్ట. కిష్టమ్మను విడిచిన. లగ్గం జేసుకోనియ్యుండ్రి!"

డప్పులు ఆగిపోయాయి. రాజయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. కిందటేడు మశూచికి పిల్లల్ని పోగొట్టుకున్న ఊరది.

"అయ్యో! అమ్మ ఇగ పలకదట! ఊరు ఇడిసి పోతదట!" అని ఒక ముసలామె గుండెలు బాదుకుంది. తల్లులు పిల్లల్ని పొదివి పట్టుకున్నారు.

బాలనర్సయ్య నేల మీద పడ్డాడు. "పిల్లను ఇచ్చుడు ఆలస్యం జేసినమనేనా తల్లీ గింత కోపం? శాంతించమ్మా! ఇప్పుడే కడ్తం పుస్తె!"

"వద్దురా! వద్దంటున్న!"

ఆమె వద్దన్నకొద్దీ అమ్మకు కోపం పెరిగిపోతోందనుకున్నారు. కొబ్బరికాయలు పగిలాయి, అమ్మ చల్లబడాలని సాక నీళ్లు పోశారు. సక్కుబాయి కుండ దిగిపోయింది. మెడలో వేపమండలు తెంపి పారేసింది.

"అమ్మ కాదురా, నేను! సక్కుబాయిని! నా బుద్ధితోని చెప్తున్న. నా బతుకైతే మన్నైంది, దాని బతుకన్న బాగుండనియ్యుండ్రి!"

ఊరు ఊరంతా సాష్టాంగపడింది. ఇన్నేళ్లలో సక్కుబాయి ఏమనుకుంటోందో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇవాళ ఆమె చెబితే, ఆ గొంతు ఆమెదని పోల్చుకున్నవాడు ఒక్కడూ లేడు. ఎంత అన్యాయం!

కిష్టమ్మ జనంలోంచి వచ్చింది. సక్కుబాయి కాళ్లు పట్టుకుంది.

"తల్లీ, లగ్గానికి ఆశపడ్డ, తప్పయింది. మా అత్తను గింత గోస పెట్టకు. ముసల్దయింది, తట్టుకోలేదు. ఆమెను ఇడిసి నా మీదికి రా."

సక్కుబాయి కూలబడి ఆ పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "కిష్టీ, ఇటు సూడు బిడ్డా! నేను మీ అత్తనే. నీ అత్తనే!"

కిష్టమ్మ కళ్లు తెరవలేదు. పుస్తెకు మెడ వంచి, "సరే తల్లీ" అంది.