గరాజులోకి మారిన ఫ్రిజ్

ఫ్రిజ్ పై అర తలుపు తీసి స్టెఫా పెరోగీల సంచిని వేలితో నొక్కింది. వేలు దిగింది. రాయిలా ఉండవలసిన సంచి పైపైన పిండిముద్దలా లొంగుతోంది, నడుమ మాత్రం ఇంకా ఐసు తగులుతోంది.

మలాంక అనే కొత్త సంవత్సరం పండక్కి చర్చి హాల్లో వడ్డించాల్సిన పెరోగీలవి. ఊరి ఆడవాళ్ళంతా ఒకచోట కూర్చుని, పిండి బిళ్ళల్లో ఉడికించిన బంగాళాదుంప కూరి, కజ్జికాయల్లా అంచులు నొక్కి, "నీ ఫ్రిజ్ పెద్దది కదే" అని ఆమెకు అప్పజెప్పిపోయారు.

ఇది ఒరెస్ట్ పనే. మరిది ఒరెస్ట్ పెళ్ళాంతో పడక చలికాలం ముందు వచ్చి ఇంట్లో దిగాడు. అతనికి కింద నేలమాళిగ గది ఇవ్వడం కోసమే ఆమె ఈ ఫ్రిజ్‌ను గరాజులోకి తోయించింది. గరాజులో ఉన్నది ఒకటే ప్లగ్గు. కెనడాలో ఈ మానిటోబా చలికి ట్రక్కు ఇంజను బిగుసుకుపోకుండా ఉండాలంటే రాత్రంతా కరెంటు పెట్టి వెచ్చబెట్టాల్సిందే. ఫ్రిజ్ తీగ పీకి తన ట్రక్కు తీగ పెట్టుకుని, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు మార్చేస్తున్నాడని ఆమె లెక్క.

మొగుడు తారస్‌కు తేల్చి చెప్పింది. "ఇవి పాడయ్యాయంటే మీ తమ్ముడు ఇంకొక్క రోజు ఈ ఇంట్లో ఉండడు."

"వాడు అలాంటివాడు కాదే."

"కాకపోతే పెళ్ళాం ఎందుకు తరిమింది?"

తారస్ పార పట్టుకుని వాకిట్లో మంచు తియ్యడానికి పోయాడు.

అయినా ఆమె గుడ్డిగా నింద వేసే మనిషి కాదు. తలుపు సందులో కాగితం పెట్టి లాగింది. బిగువుగానే ఉంది, చల్లగాలి బయటికి పోవడం లేదు. వెనక తీగల మీద దుమ్ము దులిపింది. చల్లదనం పెంచే మర చివరికంటా తిప్పింది. లోపల లైటు వెలుగుతోంది, కింద అరలో పాలు చల్లగానే ఉన్నాయి. పైన మాత్రం కరుగుతోంది. ఆఖరికి ప్లగ్గు మీద అడ్డంగా టేపు అతికించి, టేపు మీంచి గోడ మీదికి పెన్నుతో ఓ గీత గీసింది.

పొద్దున చూస్తే గీత గీతలాగే ఉంది. సంచి ఇంకా మెత్తబడింది. టేపును ఎంత ఒడుపుగా ఊడదీసి అంటించాడో అనుకునేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

కాఫీ దగ్గర కదిపింది. "ఏం ఒరెస్టూ, ఇంత చలికీ నీ ట్రక్కు ఒక్క తిప్పుకే లేస్తోందే?"

"ఇంటి ముందు ప్లగ్గులో పెడుతున్నా వదినా. మంచులో తీగ కనబడట్లేదా?"

"మంచులో చాలా కనబడవులే."

అతను కప్పు కింద పెట్టాడు. "గరాజులో టేపు చూశాను. నన్ను పంపెయ్యాలనుంటే చెప్పొచ్చు కదా, ఫ్రిజ్ ఆపేసి నా మీద పెట్టడం దేనికి?"

"నేను ఆపానా?"

"మరెవరు ఆపారు?"

అతను లేచి కిందికి పోయాడు. బట్టల సంచులు రెండూ మోసుకెళ్ళి ట్రక్కు వెనక డబ్బాలో పడేశాడు. స్టెఫా కిటికీలోంచి చూసింది. తప్పు చేసినవాడు కాకపోతే ఇంత తొందరగా ఎందుకు సర్దుకుంటాడు?

అలా అనుకుంటుండగానే అతను మళ్ళీ వంటింట్లోకి వచ్చాడు. పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళగిన్నె పట్టుకుని గరాజువైపు నడిచాడు. ఆమె చప్పుడు కాకుండా వెనకే వెళ్ళింది. ఒరెస్ట్ ఫ్రిజ్ కింద అర తెరిచి, పొగలు కక్కే గిన్నెను పాల పక్కన పెట్టి తలుపు మూశాడు.

"దొరికావు," అంది స్టెఫా. "ఇలాగన్నమాట కరిగిస్తున్నది."

"కాసేపు నోరు మూసుకుని విను వదినా."

అంత మాట అతను ఎన్నడూ అనలేదు. ఆమె విస్తుపోయి చెవి ఒగ్గింది. ఇద్దరూ కోట్లు కప్పుకుని నిలబడ్డారు, నోటి ఆవిరి తప్ప ఏదీ కదల్లేదు. కొంతసేపటికి ఫ్రిజ్ వెనక ఏదో కటుక్కుమంది. మోటారు గుర్రుమంటూ అందుకుంది.

ఈ శబ్దం విని ఎన్నాళ్ళయింది? చలి ముదిరినప్పటినుంచీ విననేలేదు.

"దీనికి చలి తెలిసేది కింద అరలోనే," అన్నాడు ఒరెస్ట్. "ఇంటిని ఆనుకున్న గరాజు, గడ్డకట్టేంత చలి కాకపోయినా ఇంత చల్లగా ఉంటే కింద అర దానంతటదే చల్లబడుతుంది. ఇక నా పనేముందని మోటారు పడుకుంటోంది. పైనున్నవి కరిగిపోతున్నా దానికి పట్టదు. వెచ్చగా ఉండేచోట అయితే ఇలా కాదు."

వెచ్చటిచోటంటే ఫ్రిజ్ మునుపు ఉన్న అతని గదే. ఆ మాట ఇద్దరికీ తోచింది.

"మరి నాకేం చెప్పలేదే?"

"సంచులు పడేస్తుంటే ఇప్పుడే తట్టింది. ఉత్తినే చెబితే నమ్మేదానివా?"

నమ్మేది కాదు. ఆమె పై అర తెరిచి సంచిని మళ్ళీ నొక్కింది. మోటారు అందుకున్నా పెరోగీలు గడ్డకట్టేదాకా నడిచేటట్టు లేదు, గిన్నె చల్లారితే మళ్ళీ పడుకుంటుంది. బయట మంచులో పెడదామంటే కుక్కలు, కాకులు. మూత ఉండి, తాళం పడేది ఒకటే కనబడుతోంది. అది వాకిట్లో ఉన్న ట్రక్కు వెనక డబ్బా.

"ఆ సంచులు తీసి లోపల పెట్టుకో," అంది. "పెరోగీలకు చోటు కావాలి. ఫ్రిజ్ సంగతి తర్వాత, వంటింట్లో బల్ల గోడకు జరిపైనా పెట్టుకుంటాను."

"గది నేను ఖాళీ చేసి..."

"సంచులు తెమ్మన్నానా?"

అతను తెచ్చాడు. ఇద్దరూ కలిసి పెరోగీలు మోసి డబ్బాలో పేర్చి మూత వేశారు. ఒరెస్ట్ తాళం వేసి తాళంచెవిని జేబులో వేసుకోబోతుంటే స్టెఫా చెయ్యి చాపింది.

"ఇంకా నమ్మకం లేదా వదినా?"

"నీ మీద ఉంది," అంటూ తాళంచెవిని కోటు లోపలి జేబులో దోపుకుంది. "నీ ఆకలి మీద లేదు."