సీటు ఎత్తు

ఇద్దరూ కలిసి వెళ్దామనుకున్న దూరం ఒంటరిగానైనా వెళ్ళాలని, పోయిన భర్త సైకిలును ఆవిడ షాపుకి నడిపించుకొచ్చింది. ఆయన ఆరడుగుల మనిషి. ఆవిడ ఆయన భుజం దాకా కూడా రాదు.

"సీటు బాగా దించాలి అన్నయ్యా, నాకు కాళ్ళందవు."

మెకానిక్ పానా పట్టుకుని, "ముందు ఎక్కి కూర్చోండమ్మా," అన్నాడు.

ఎక్కింది. పాదాలు హాయిగా పెడల్స్ మీద ఆనాయి.

"దించేదేం లేదు, మీకు కొలిచి పెట్టినట్టుంది. ఇంత కిందికుంటే మోకాళ్ళు అరిగిపోతాయని సారుతో ఎంత మొత్తుకున్నానో! వింటేగా! పైన కూర్చుంటే పక్కన మా ఆవిడ మొహం కనబడదయ్యా అనేవారు."

ఇద్దరూ చెరో సైకిలు మీద షికారు వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఆయన మోకాళ్ళు పట్టుకుని కూలబడేవాడు. "ఈ మాత్రానికే మూలుగుడా? మీకంటే నేనే నయం," అని ఆవిడ దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

"ఆ ముక్క నాతో అనొచ్చుగా, మొండి మనిషీ!" అని అలవాటుగా పక్కకి తిరిగి కసిరింది.

సరిగ్గా ఆవిడ మొహమంత ఎత్తులో, ఆయన మొహం ఉండాల్సిన చోట, షాపు గోడ ఉంది.