ఆరో మాటకు లేచేవాళ్లం

గుడ్ ఫ్రైడే నాడు ఆరో మాట మొదలుకాగానే ఆడవాళ్లం లేచి బయటికి వచ్చేస్తాం. లెమ్మని ఎవరూ చెప్పరు. కొంగు నడుముకు దోపుకొని, గుమ్మంలో చెప్పులు వెతుక్కుని, చర్చి వెనక రేకుల షెడ్డు కిందికి చేరతాం. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఏడుగురు మగవాళ్లు ప్రసంగిస్తారు. ఆరాధన ముగిసి సంఘమంతా ఎండలోకి వచ్చేసరికి ప్రతి చేతిలోనూ చల్లటి మజ్జిగ గ్లాసు ఉండాలి. అందుకని ఆరో మాటకు లేస్తాం. పెళ్లయి ఈ సంఘంలోకి వచ్చినప్పటి నుంచి నేను ఏడో మాట మీద ప్రసంగం వినలేదు. వాక్యం కంఠతా వచ్చు. కానీ ఒక మనిషి నిలబడి దాని గురించి ఏం చెబుతాడో తెలియదు. ఆ సమయంలో నేను అల్లం, పచ్చిమిరపకాయలు దంచుతుంటాను. పక్కన స్వర్ణక్క పెరుగు చిలుకుతుంటుంది.

స్వర్ణక్క నా తోటికోడలు, మా బావగారి భార్య. నారాయణగూడలో ఒకే ఇంట్లో వాళ్లు పైన, మేము కింద. ఒక ఏడాది ఆమె సంఘ కమిటీ ముందుకు వెళ్లి, ఏడు మాటల్లో ఒకటి ఆడవాళ్లకు ఇవ్వమని అడిగింది. కమిటీ సెక్రటరీ మా ఆయన రాజశేఖర్. "ఇద్దాం వదినా, ఐదో మాట ఇద్దాం. దాహం మాట గదా. ఎట్లాగూ మజ్జిగ మీరే కలుపుతరు" అన్నాడు. కమిటీ అంతా నవ్వింది. స్వర్ణక్క కూడా నవ్వింది. ఇంటికి వచ్చాక మాత్రం చాలాసేపు కిటికీ దగ్గర నిలబడింది. నేను టీ ఇస్తే, "నేను తమాషాకు అడగలే" అంది. అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు. పోయిన ఆగస్టులో చనిపోయింది. నేను బడి మానలేదు. ఎనిమిదో తరగతికి సమాసాలు చెప్పాను, జవాబు పత్రాలు దిద్దాను. పిల్లల్లో ఎవరికీ తెలియలేదు.

క్రిస్మస్ తర్వాత సంఘం రెండుగా చీలింది. గేటు దగ్గర కట్టిన కొత్త ఆర్చి మీది శిలాఫలకంలో ఎవరి పేరు ముందు ఉండాలన్నది తగాదా. ఒక పక్క మా ఆయన, ఇంకో పక్క ట్రెజరర్ సంతోష్ గారు. సగం సంఘం ఇటు, సగం అటు. సంతోష్ గారి భార్య నవనీత, స్వర్ణక్క, నేను చాలా ఏళ్లుగా ఆడవాళ్ల వైపు ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. "ఆ ఇంటోళ్లతోని మాట్లాడకు. ఎదురైతే తల తిప్పుకో" అన్నాడు మా ఆయన. తిప్పుకున్నాను. నవనీత కూడా తిప్పుకుంది. ఆ బెంచీ మీద ఆమె ఆ చివర, నేను ఈ చివర. మధ్యలో స్వర్ణక్క కూర్చునే చోటు.

గుడ్ ఫ్రైడే దగ్గరపడింది. ప్రసంగించడానికి సంతోష్ పుల్పిట్ ఎక్కితే మా వాళ్లు ఒక్కరూ ఎక్కరన్నాడు మా ఆయన. రాజశేఖర్ ఎక్కితే మావాళ్లు ఎక్కరన్నాడు సంతోష్ గారు. మా పాస్టరును అందరం అయ్యగారు అంటాం. నెమ్మదైన మనిషి. ఆదివారం ఆరాధన చివర లేచి, "ఈసారి ఏడు మాటలు ఉంటయో ఉండవో, ప్రార్థన చేయుండ్రి" అని కూర్చున్నాడు. ఇటువాళ్లు అటు చూడలేదు, అటువాళ్లు ఇటు చూడలేదు.

మర్నాడు బడి నుంచి వస్తూ చిక్కడపల్లి మార్కెట్లో గోంగూర కొంటుంటే పక్కన ఒక చెయ్యి వచ్చి అదే కట్ట పట్టుకుంది. నవనీత. ఇద్దరం తల తిప్పుకోవడం మరిచిపోయాం.

"నాతోని మాట్లాడొద్దని అన్న చెప్పిండా?" అంది.

"చెప్పిండు."

"మా ఆయన గూడ చెప్పిండు. వాళ్లిద్దరు కలిసి ఒప్పుకున్నది గిదొక్కటే వదినె."

నాకు నవ్వొచ్చింది. ఆగస్టు తర్వాత మొదటిసారి. ఆపుకోలేక బండికి ఆనుకుని నవ్వాను. కూరగాయలామె, "తీసుకుంటరా, నవ్వుకుంట నిలవడతరా?" అని కసిరింది. నవ్వు ఆగాక, నా నోటి నుంచి నేను అనుకోని మాట వచ్చింది.

"ఏడు మాటలు మనం చెప్దాం నవనీతా. అటువాళ్లం, ఇటువాళ్లం, ఆడవాళ్లం అందరం కలిసి."

ఆమె గోంగూర కట్ట వదిలేసింది. "మనమా?"

"స్వర్ణక్క ఏడింట్ల ఒక్కటే అడిగింది."

నవనీత కళ్లు తుడుచుకుంది. తర్వాత చుట్టూ చూసింది, మొగుళ్లు ఎవరైనా ఉన్నారేమోనని. "బర్కత్‌పురలో మా చెల్లె ఇల్లు ఖాళీగుంది. రేపు నాలుగింటికి" అంది. ఆటో ఎక్కకుండా నారాయణగూడ దాకా నడిచాను. ఎప్పుడు ఇల్లు చేరానో తెలియలేదు. గోంగూర కొన్నానో లేదో కూడా తెలియలేదు. కొనలేదు. ఆ పూట మా ఆయనకు పప్పు ఒక్కటే.

వారం తిరిగేసరికి ఏడుగురం అయ్యాం. మొదటి మాట, క్షమించమనే మాట, నవనీత పట్టుబట్టి తీసుకుంది. "ఇంట్ల రోజూ ప్రాక్టీసే" అంది. రెండోది పక్కన సిలువ వేసిన దొంగతో అన్నది. దాన్ని ముషీరాబాద్ పెంటమ్మ లాక్కుంది. "దొంగ సంగతి నాకియ్యుండ్రి బిడ్డా. ముగ్గురు కొడుకుల సాకిన, దొంగలెట్లుంటరో నాకెరుకే." తల్లిని శిష్యునికి అప్పగించే మూడో మాట అయ్యగారి భార్య వీణమ్మగారిది. నాలుగోది అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న కమలది. ములుగు పిల్ల. మా చర్చికి వచ్చి మూడేళ్లైనా ఆమె పేరు కమిటీలో ఎవరికీ తెలియదు. "దేవుడు చెయ్యి విడిచిండన్న మాట గదా టీచర్, ఎగ్జామ్ వాయిదా పడ్డప్పుడల్లా నేను గదే అంటున్న" అంది. అందరం నవ్వాం. ఆ పిల్ల నవ్వలేదు. ఐదూ ఆరూ చెరొక వర్గం నుంచి వచ్చిన ఇద్దరు తీసుకున్నారు. ఏడోది ఎవరూ ముట్టుకోలేదు. దాని మీద ఏం మాట్లాడతారో మాలో ఎవరూ వినలేదు కదా. అది నాకు మిగిలింది.

ఆ సాయంత్రాలు ఎలా గడిచాయో చెప్పడానికి నాకు మాటలు సరిగ్గా రావు. బడి గంట కొట్టగానే నా కాళ్లు పరుగందుకునేవి. ఒకరు మాట్లాడుతుంటే ఆరుగురం వినేవాళ్లం. ఇన్నేళ్లలో ఒక ఆడమనిషి మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ లేవకుండా, ఎవరూ నీళ్లడగకుండా వినడం నేను చూడలేదు. ఆర్చి సంగతి ఒక్కరూ ఎత్తలేదు. పెంటమ్మ తన దొంగను రోజుకో రకంగా మార్చి చెప్పేది. నవనీత నా వెనక నిలబడి, "గొంతు పెంచు వదినె, ఇది క్లాసు కాదు, నిద్రపోయేది పిల్లలు కాదు" అనేది.

అయ్యగారి దగ్గరికి అందరం కలిసి వెళ్లాం. ఆయన విని, కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "కమిటీ ఒప్పుకోదమ్మా" అన్నాడు.

లోపలి నుంచి వీణమ్మగారు, "కమిటీ రానంటున్నది గదా. ఇగ ఒప్పుకోనిదెవరు?" అంది.

గుడ్ ఫ్రైడేకు ముందు వచ్చే మట్టల ఆదివారం మర్నాడు అయ్యగారు మా ఏడుగురి పేర్లు చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మా ఆయన టిఫిన్ తింటూ ఫోన్ చూశాడు. నమలడం ఆపాడు.

"ఏందిది? సంతోష్ పెండ్లాం పేరున్న జాగల నీ పేరుంది."

"ఆమెది మొదటి మాట, నాది ఏడోది. మధ్యల ఐదుగురున్నరు."

"మజాక్ చేస్తున్నవా? నా ఇజ్జత్ ఏం గావాలె?" ప్లేటు జరిపేశాడు. తర్వాత ఆయనకు అసలు సంగతి తట్టింది. "మరి మజ్జిగ ఎవరు కలుపుతరు?"

ఆ సంగతి నేను నిజంగా ఆలోచించలేదు. ఏడుగురిలో ఒక్కరం కూడా ఆలోచించలేదు. అది తెలిసి నాకు లోపల ఎంత సంతోషమైందో. ఆయన లేచి చొక్కా వేసుకుంటూ అన్నాడు, "నువ్వు పుల్పిట్ ఎక్కిన మరుక్షణం నేను లేచి పోత. సంఘమంతా చూస్తది. నీ ఇష్టం."

ఆ మాట ఆ వారమంతా నా వెంట తిరిగింది. బోర్డు మీద రాస్తున్నా, అన్నం వారుస్తున్నా. ఆయన నిండు సంఘంలో లేచి వెళ్తుంటే ఆ వీపు చూస్తూ నేను మాట్లాడగలనా? ఇన్నేళ్లు ఆయన గొంతు కొంచెం పెరిగితే చాలు, నా వాక్యం సగంలో ఆగిపోయేది. ఏం చెప్పాలో రాసుకున్నాను, కొట్టేశాను. చివరికి కొంచెమే మిగిలింది. అది చాలనిపించింది.

శుక్రవారం చర్చి నిండిపోయింది. ప్రసంగించనని ఒట్టు పెట్టుకున్న మగవాళ్లంతా వచ్చారు. తన భార్య తన గురించి ఏం చెబుతుందోనన్న భయం ఎవరినీ ఇంట్లో ఉండనివ్వలేదు. నవనీత వణుకుతూ మొదలుపెట్టి వణకకుండా ముగించింది. పెంటమ్మ దొంగ గురించి చెబుతుంటే, నవ్వకూడని రోజు కనుక ఎవరూ నవ్వలేదు, భుజాలు మాత్రం కదిలాయి. కమల మాట్లాడినప్పుడు హాస్టల్ పిల్లలు కూర్చున్న చివరి వరసలో ఒక అమ్మాయి పైకే ఏడ్చింది. ముందు వరస ఆవిడ ఒకరు లేచి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది. ఆవిడ ఏ వర్గమో నాకు ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

ఆరో మాట మొదలైంది. ఆడవాళ్ల వైపు సగం మంది లేచారు. కావాలని కాదు, మోకాళ్లు వాటంతట అవే లేచాయి. లేచినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్కొక్కరే మళ్లీ కూర్చున్నారు.

అప్పుడు మగవాళ్ల వైపు బెంచీ కిర్రుమంది. మా ఆయన లేచాడు. నా పేరు పిలవకముందే. ఆ వెనకే, ఇంకో వరసలోంచి సంతోష్ గారు లేచాడు. ఇద్దరూ వేరువేరు తలుపుల్లోంచి బయటికి వెళ్లిపోయారు. నవనీత బెంచీ మీద జరిగి జరిగి వచ్చి నన్ను ఆనుకుని కూర్చుంది. "షెడ్డు దిక్కు పోయిండ్రు, చూసిన" అని చెవిలో చెప్పింది. నా పేరు పిలిచారు. ఎక్కాను.

"ఏడో మాటలో ప్రభువు తన ప్రాణాన్ని తండ్రి చేతికి అప్పగించాడు" అన్నాను. "దేన్నైనా అప్పగించాలంటే ముందు అది మన చేతిలో ఉండాలి. ఆయన ప్రాణం చివరి దాకా ఆయన చేతిలోనే ఉంది. అందుకే ఇవ్వగలిగాడు. మన సంఘంలో స్వర్ణ అనే ఆమె ఉండేది. పొద్దున లేస్తే ఆమె ప్రాణం పొయ్యి దగ్గర, తర్వాత మంచం పట్టిన అత్తగారి దగ్గర, ఆదివారం ఈ చర్చి వెనక షెడ్డు దగ్గర. ఆమెను సమాధి చేసిన రోజున దేవుని చేతికి అప్పగిస్తున్నామని అందరం అన్నాం. అప్పగించింది మనం. ఆమె జీవితం ఒక్కరోజైనా ఆమె చేతిలో ఉందా? మనం ఉండనిచ్చామా?" అక్కడ ఆగాను. ఇంకా చెప్పాలనుకున్నవి ఉన్నాయి. అవసరం లేదనిపించింది. పెంటమ్మ "ఆమేన్" అంది. తర్వాత ఆడవాళ్ల వైపు అందరూ అన్నారు. ఆ తర్వాత మగవాళ్ల వైపు నుంచి కూడా వినిపించింది.

బయటికి వచ్చేసరికి రేకుల షెడ్డు కింద మజ్జిగ కలిపే పెద్ద గంజు ఒక్కదాని దగ్గరే మా ఆయన, సంతోష్ గారు. ఇద్దరి మోచేతుల దాకా పెరుగు. ఉప్పు ఎంత వెయ్యాలో తెలియక నెలల తర్వాత ఒకరినొకరు అడిగారట. మాటలు కలిశాయట. మజ్జిగ ఉప్పుకషాయంలా ఉంది, ఎవరూ ఏమీ అనకుండా తాగారు. మా ఏడుగురం ఎండలో ఒకరి చేతులు ఒకరం పట్టుకుని నిలబడ్డాం, వదలబుద్ధి కాక.

మా ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. వెంట సంతోష్ గారు. ఇద్దరి ముఖాలు వెలిగిపోతున్నాయి. "మంచిగనే మాట్లాడిండ్రు అందరు" అన్నాడు మా ఆయన. "ఇగ పరేషాన్ లేదు. సంతోషన్న, నేను కలిసిపోయినం. జూన్ల కమిటీ ఎలక్షన్ గూడ అక్కర్లేదు. అన్న సెక్రటరీ, నేను ట్రెజరర్. అనుకున్నం."

"అవునమ్మా, సంఘం ఒక్కటైంది" అన్నాడు సంతోష్ గారు. "ఇగ మీకు ఈ తిప్పలుండయి."

నేను మా ఆయన ముఖంలోకి చూశాను. గొంతు పెంచలేదు. ఆయన కూడా పెంచలేదు.

"ఎలక్షన్ ఉంటది" అన్నాను. "నవనీత, నేను నిలబడుతున్నం. ఇద్దరం కలిసి."

ఈ మాట నేను నవనీతను అడగలేదు. ఎప్పుడూ అనుకోలేదు. మా ఆయన నవనీత వైపు చూశాడు, సంతోష్ గారూ చూశాడు. ఆమె నా వైపు చూడలేదు. నా చెయ్యి వదిలి, ఒక మజ్జిగ గ్లాసు తీసుకెళ్లి భర్త చేతిలో పెట్టింది.

"ఇద్దరం కాదు" అంది. "ఏడుగురం."