పద్నాలుగు ఇళ్ళలో దాగిన గడియారం

నేను ఒక గడియారాన్ని. ఉక్రెయిన్ పడమటి కొసన వెర్బిచ్ అనే చిన్న ఊళ్ళో, సంత మైదానం పక్కనున్న టౌన్‌హాలు గోపురం మీద ఉంటాను. వియన్నాలో పుట్టానని మొదట్లో నాకు కాస్త టెక్కు ఉండేది.

ఊరు ఉన్నచోటే ఉంది గానీ ఏలేవాళ్ళు మారారు. ఆస్ట్రియా చక్రవర్తి పోయి పోలండ్ వచ్చింది. ఆ తర్వాత సోవియట్లు వచ్చారు, వాళ్ళను తరిమి జర్మన్లు వచ్చారు. ఏ కొత్త దొర వచ్చినా ముందు రొప్పుతూ మెట్లెక్కి నా ముళ్ళు తిప్పేవాడు. తన రాజధానిలో గంట ఎంతైతే ఇక్కడా అంతే కావాలట! ఊళ్ళో ఆవులు మాత్రం తమ పాత వేళకే పాలిచ్చేవి.

జర్మన్లు ఓడిపోయి వెళుతూ, కరిగించి తూటాలు చేసుకోవడానికి ఊళ్ళో ఇత్తడంతా పోగేయడం మొదలెట్టారు. నాకు కీ ఇచ్చే యుస్తీనాకు అప్పటికి ఇరవై రెండేళ్ళు. నా పద్నాలుగు ఇత్తడి చక్రాలూ ఊడదీసి, రొట్టెల బుట్టలో పెట్టుకుని వెళ్ళి, ఇంటికొకటి చొప్పున దాచింది. ఏ ఇంటికీ మరో ఇంటి సంగతి తెలియదు. వియన్నా బిడ్డనైన నేను ఒకచోట క్యాబేజీ ఊరేసిన పీపాలో, ఇంకోచోట తేనెపెట్టెలో కాపురం పెట్టాను.

సోవియట్లు తిరిగొచ్చారు. ముళ్ళు తిప్పబోతే లోపల డొల్ల. ప్రభుత్వ సొత్తు కాజేసిందని యుస్తీనాను నా కింది గదిలోనే నిలబెట్టారు. చక్రాలు తెచ్చిస్తే చాలదు, దాచినవాళ్ళ పేర్లు కావాలన్నారు. పేరు చెబితే ఆ ఇంటిల్లిపాదీ సైబీరియాకే.

"ఏట్లో పారేశాను" అంది తల దించుకుని. ఎంత కొట్టినా అదే మాట. ఆ మాటను కాగితం మీద పెట్టినవాడు మా ఊరి గుమాస్తా ఒస్తాప్. ఆమెకు పదేళ్ళ శిక్ష పడింది. పట్టించింది ఒస్తాపేనని ఊరు అతనితో మాట్లాడటం మానేసింది.

తిరిగొచ్చాక కూడా ఆమె నోరు విప్పలేదు. ఏ ఇల్లూ విప్పలేదు. ఇలాంటి ఊరి గడియారాన్నని చెప్పుకోవడమే నాకు గర్వం, వియన్నా సంగతి మరిచిపోయి చాలా కాలమైంది.

పంతొమ్మిది వందల తొంభై ఒకటిలో సోవియట్ల ఏలుబడి పోయి ఉక్రెయిన్ తన జెండా తాను ఎగరేసుకుంది. ఆ వారమే యుస్తీనా సంత మధ్యలో బల్ల వేసుకుని కూచుంది. పోయినవాళ్ళ పిల్లలు, మనవలు చక్రాలు తెచ్చారు. సాయంత్రానికి పదమూడు చేరాయి. పద్నాలుగోది లేకపోతే నేను తిరగను.

అప్పుడు కర్ర పొడుచుకుంటూ ఒస్తాప్ వచ్చాడు. జనం మొహాలు చిట్లించుకుని దారి వదిలారు. అతను జేబులోంచి గుడ్డమూట తీసి విప్పాడు. నా చక్రమే!

"నీ వాంగ్మూలం రాస్తున్నప్పుడు ఇది నా ఇంట్లోనే ఉంది, యుస్తీనా. ఆ రోజంతా ఒక్కసారైనా నా వైపు చూడలేదు నువ్వు. నన్ను అసహ్యించుకున్నావనుకున్నాను."

ఆమె చక్రాన్ని తలగుడ్డ కొసతో తుడిచింది.

"చూస్తే నా కళ్ళే నిన్ను పట్టించేవి, ఒస్తాప్."