చౌడేశ్వరి చెవి

పంకజాక్షి రోజూ తెల్లవారగానే కత్తెరలు మరిగించి, ఉతికిన గుడ్డలు సంచిలో సర్దుకుని పులికాట్ ఒడ్డుకు వచ్చేది. సరస్సు మధ్య దిబ్బల మీదున్న బెస్తపల్లెల్లో కాన్పులు చేయడం ఆమె పని. యుద్ధం ముగిశాక సైన్యం వేలం వేసిన మోటారొకటి కొని, ఆసుపత్రివాళ్లు ఆమె పడవ వెనక బిగించారు. మీట నొక్కితే లేచే మోటారు. కానీ దానికి లారీ బ్యాటరీ పెట్టేసరికి పడవ వెనకభాగం దిగబడి, మోకాటిలోతు నీళ్లలో బురద గీరుకుంటూ ఆగిపోయేది. సరేనని బ్యాటరీ తీసేసి తాడు లాగి లాగి, పడవ నడిపే పెంచలయ్య భుజం జారగొట్టుకున్నాడు.

అందుకని ఇద్దరూ రైలెక్కి తిరుపతికి వచ్చి తులసీరాం బ్యాటరీల షాపు వెతుక్కున్నారు. షాపు తులసీరాందే అయినా బ్యాటరీ ఎంచేది అతని వదిన చౌడేశ్వరి. భర్త పోయినప్పటి నుంచీ ఆమె షాపు వెనక గదిలోనే ఉంటోంది. బ్యాటరీకి చెవి ఆనిస్తే అందులో సత్తువ ఎంతుందో, ఎన్నాళ్లుంటుందో ఆమెకు వినబడేది. ఆమె చెప్పిన నెలను లారీ డ్రైవర్లు బ్యాటరీ మీద సుద్దతో రాసుకుని, ఆ నెల రాగానే కొత్తది కొనుక్కునేవాళ్లు.

మోటారుకు ఎన్ని వోల్టులు కావాలి, నీళ్లు ఎంత లోతు, పడవలో ఎందరెక్కుతారు అని చౌడేశ్వరి అడిగింది. చెరువు తప్ప వేరే నీళ్లు చూడని మనిషి ఇన్ని సంగతులు ఆలోచించడం చూసి పంకజాక్షికి ముచ్చటేసింది. వోల్టులకు సరిపోయేవి మూడే దొరికాయి: లారీది, సైన్యం వైర్‌లెస్ పెట్టెది, చిన్న కారుది. వైర్‌లెస్‌ది ఒంటిచేత్తో లేస్తుంటే పంకజాక్షి దాన్నే పట్టుకుంది.

"అది వద్దమ్మా," అంది చౌడేశ్వరి. "అది సన్నంగా శానాసేపు ఇస్తాది. మోటారు లేయాలంటే ఒక్క విసురు కావల్ల. లారీది ఎద్దు, దాన్ని మీ పడవ మొయ్యలేదు. ఈ కారుది పొట్టేలు. ఒక్క పొడుపు పొడుస్తాది. తక్కింది మోటారే సూసుకుంటాది."

కారు బ్యాటరీకి చెవి ఆనించి, మూడేండ్లకు ఢోకా లేదంది. ఉప్పుగాలిలో తీగలెలా బిగించాలో నోటితో చెబితే తెలిసేది కాదని మరిదితో చెప్పి, తానే వాళ్ల వెంట బయలుదేరింది.

మర్నాడు పొద్దున పులికాట్ ఒడ్డున బ్యాటరీని చెక్కపెట్టెలో పెట్టి పడవ మధ్యపలక కింద కట్టి, తీగల కొసలకు గ్రీజు పూసింది. పెంచలయ్య మీట నొక్కగానే మోటారు లేచింది. పడవ ఎటూ వాలకుండా నిలబడింది. ఆ పనితనం పంకజాక్షి ఇంకా చూస్తూనే ఉంది, అంతలో దిబ్బ మీద నుంచి కబురొచ్చింది. గంగులమ్మ కోడలు కుప్పమ్మ రెండు దినాలుగా నొప్పులు పడుతోందట.

ముగ్గురూ ఆ పడవలోనే పోయారు. పంకజాక్షి బిడ్డ గుండె వినే చెక్కగొట్టం కడుపు మీద పెట్టి మూడు చోట్ల విన్నది. ఏమీ వినబడలేదు. బిడ్డ పోయిందని గంగులమ్మకు చెప్పి, తల్లినైనా దక్కించుకుందామని పనిముట్లు తీసింది. వేడినీళ్ల గిన్నె పట్టుకుని గడపలో నిలబడ్డ చౌడేశ్వరి, నేనొకసారి వినొచ్చునా అని అడిగింది. పంకజాక్షి పక్కకు జరిగింది.

చౌడేశ్వరి కుప్పమ్మ కడుపుకు చెవి ఆనించి కళ్లు మూసుకుంది. "ఉండాదమ్మా. శానా కొంచెంగా ఉండాది. గంటసేపు ఉంటాది. ఆ పైన చెప్పలేను."

డాక్టరున్న ఒడ్డుకు గడలతో తోస్తే సగం దినం, మోటారుతో ముప్పావుగంట. పంకజాక్షి పనిముట్లు సంచిలో వేసేసింది. కుప్పమ్మను పడవలో పడుకోబెట్టాక చౌడేశ్వరి మాత్రం ఎక్కలేదు.

"నేను ఈడనే ఉంటా. బరువు తగ్గితే పడవ బిన్నా పోతాది."

మోటారు ఒక్క నొక్కుకే లేచింది. గంట తిరగక ముందే డాక్టరు ఆడబిడ్డను బయటికి తీసింది. బిడ్డ ఏడవడానికి కాసేపు పట్టింది, కానీ ఏడ్చింది. తల్లీ దక్కింది.

మర్నాడు చౌడేశ్వరిని రైలెక్కిద్దామని పంకజాక్షి దిబ్బకు వచ్చింది. గంగులమ్మ ఇంటి అరుగు మీద కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఐదుగురు వరసగా కూర్చున్నారు. చౌడేశ్వరి ఒకామె కడుపుకు చెవి ఆనించి నవ్వుతోంది. ఆమె అట్లా నవ్వడం పంకజాక్షి తిరుపతిలో చూడలేదు.

పంకజాక్షి ఆ వరస చివరన కూర్చుని, అందరిదీ అయ్యేదాకా ఆగింది.

"నా గదిలో ఇంకో మంచం పడుతుందక్కా," అంది.

చౌడేశ్వరి చెంగుతో చెవి తుడుచుకుంది.

"మా మరిదికి ఒక కార్డు ముక్క రాయమ్మా," అంది.