కింద పెట్టిన కప్పు

ఖల్ఫాన్ చేసిన పని ఆ ఎడారి ఇసుకల్లో ఇంకెవడైనా చేసి ఉంటే జనం మధ్య తలెత్తుకు తిరిగేవాడు కాదు. ఖల్ఫాన్ మాత్రం తిరిగాడు. తెల్లటి దిష్‌దాషా అంగీ ఇస్త్రీ నలగకుండా, తలపాగా చెదరకుండా మూడు నెలలు తిరిగాడు. సిగ్గు లేక కాదు. ఉన్న సిగ్గును ఎక్కడ దాచాలో వాడికి బాగా తెలుసు.

సూర్ పట్నంలో ఒక పర్యాటక కంపెనీలో గైడు ఉద్యోగం అతనిది. పొద్దున్నే విదేశీయులను బండెక్కించుకుని రేవు ఒడ్డున చెక్క పడవలు కట్టే చోటు చూపించేవాడు. మేకులు కొట్టకుండా కొబ్బరితాడుతో పలకలు కుట్టి సముద్రాలు దాటిన తాతల గురించి చెప్పేవాడు. మధ్యాహ్నానికి ఇసుక దిబ్బల్లోకి తీసుకెళ్ళి, పొద్దు వాలే వేళకు ముసల్లం గుడారంలో కాఫీ తాగించేవాడు. అక్కడితో యాత్ర పూర్తయ్యేది.

ముసల్లం అతనికి పరాయివాడేమీ కాదు. ఖల్ఫాన్ పుట్టిన వారానికే తల్లి బాలింత జ్వరంతో మంచం పట్టింది. అప్పుడు ముసల్లం భార్య సలామా తన కూతురు మౌజాకు ఒక రొమ్ము, వీడికి ఒక రొమ్ము ఇచ్చి పెంచింది. ఆ ఎడారివాళ్ళలో ఎవరి పాలు తాగితే వాళ్ళ బిడ్డే. సలామా పోయి ఆరేళ్ళయినా ఆ లెక్క మారలేదు. ఖల్ఫాన్ బండి చప్పుడు వినబడితే ముసలాయన గుడారంలోంచే "వచ్చావుట్రా, ఆ కట్టెలు ఇటు పట్రా" అని కేకేసేవాడు. వచ్చిన విదేశీయులను "మావాడు తెచ్చిన చుట్టాలు" అనేవాడు. కంపెనీ ఏమిస్తానన్నా పుచ్చుకునేవాడు కాదు.

గుడారం వెనక పల్లంలో పదకొండు జమ్మిచెట్లుండేవి. చుట్టుపక్కల కోసుల దూరం వరకు నీడంటే అదే. ఈనబోయే ఒంటెలు ఎక్కడ మేస్తున్నా సరే, నెలలు నిండేసరికి ఆ చెట్ల కిందకి చేరేవి. ఆ పల్లం మీదే కంపెనీ కన్ను పడింది. అక్కడ మంచాలు వేసి, స్నానాల గదులు కట్టి, విదేశీయులను పడుకోబెడితే బాగుంటుందని యజమానికి తోచింది. చెట్లు సంపాదించి పెడితే క్యాంపు పెత్తనమంతా నీదేనని ఖల్ఫాన్‌కు ఆశ పెట్టాడు.

ఖల్ఫాన్ రెండుసార్లు అడిగాడు. మొదటిసారి ముసల్లం వాన సంగతి ఎత్తి మాట మార్చాడు. రెండోసారి మాత్రం సూటిగానే చెప్పాడు.

"నీడ ఒంటెలదిరా. నాదైతే నీకివ్వనా?"

ఆ పైన ఇంకేం అడుగుతాడు? కప్పు కింద పెట్టి అడిగే దారి ఒకటుంది. కానీ అది బయటివాళ్ళది. అతిథికి గట్టి అవసరం ఏదైనా ఉంటే, ఇచ్చిన కాఫీ తాగకుండా కప్పు తన ముందు నేల మీద పెడతాడు. ఏం కావాలో ఇంటాయన కనుక్కుని, "తాగండి, మీ పని అయిందనుకోండి" అనాలి. కప్పు ముట్టకుండా అతిథి లేచి వెళ్ళిపోతే ఆ ఇంటి పరువు ఇసుక దాటి సముద్రం దాకా పోతుంది. ఇంటి కొడుకు ఆ పని చేయకూడదు. చేస్తే కన్నవాళ్ళ మెడ మీద కత్తి పెట్టినట్టే లెక్క.

జనవరిలో ఒకరోజు ఆరుగురు వచ్చారు. వాళ్ళలో బ్రిగిట్టె అనే జర్మనీ ముసలావిడ ఉంది. బడిపంతులుగా చేసి మానేసింది. కనబడిన ప్రతిదానికీ మురిసిపోయే రకం. ముసల్లం ఖర్జూరాలు పెట్టి, అందరికీ వరసగా కాఫీ పోసి ఇస్తున్నాడు. గుడారం సందుల్లోంచి వాలుటెండ వచ్చి ఇత్తడి కూజా మీద పడింది. అది చూసిన బ్రిగిట్టె కప్పు గబుక్కున ముందు పెట్టేసి, కెమెరా కోసం సంచిలో చెయ్యి పెట్టింది.

పోస్తున్న ముసల్లం చెయ్యి ఆగిపోయింది. మిగిలినవాళ్ళకు ఏమీ తెలియదు. ఖల్ఫాన్‌కు తెలుసు. 'కెమెరా తీసుకుంటోంది నాన్నా, అంతే' అని ఒక్క మాట నవ్వుతూ అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. దాన్ని మింగేశాడు.

"ఆమెకేం కావాలో కనుక్కో," అన్నాడు ముసల్లం.

ఖల్ఫాన్ ఆమె వైపు తిరిగి, ప్రయాణంలో అలసిపోయారా అని ఇంగ్లీషులో అడిగాడు. లేదు, చాలా బాగుంది అందామె. మళ్ళీ ఇటు తిరిగాడు.

"ఈ చెట్ల కింద నిద్ర చేయాలని ఉందట నాన్నా. తనకే కాదు, తన వెనక వచ్చేవాళ్ళందరికీ ఆ నీడ ఇప్పించమంటోంది."

ముసల్లం ఆమెను చూశాడు. ఆమె చేతిలోకి వచ్చిన కెమెరాను చూశాడు. తర్వాత ఖల్ఫాన్‌ను చూశాడు, చాలాసేపు. ఖల్ఫాన్ లేని ముడత ఒకటి వెతుక్కుని అంగీ చేతిని సర్దుకున్నాడు.

"తాగమను," అన్నాడు ముసలాయన. "ఇచ్చాను."

కాఫీ చల్లారిపోతోందని చెబుతున్నాడు అన్నాడు ఖల్ఫాన్ ఆమెతో. అయ్యో అనుకుంటూ ఆమె ఒక్క గుక్కలో తాగేసి, ఎంత మంచి మనిషి అని ముసలాయన ఫొటో తీసుకుంది.

తిరుగు ప్రయాణంలో ఖల్ఫాన్ మొహం చెవులదాకా వేడెక్కింది. నిజమే, సిగ్గేసింది. కానీ దిబ్బలు దిగి తారురోడ్డు ఎక్కేలోపు సర్దుకున్నాడు. నాలుగు మంచాలు వేస్తే చెట్లు అరిగిపోతాయా, పెద్దాయనకు మనుషుల సందడైనా ఉంటుంది అనుకున్నాడు. అలాంటప్పుడు మనసు చెప్పే సమాధానాలకు కొదవేముంది?

మూడు వారాల్లో క్యాంపు లేచింది. మంచాలు, దీపాలు, పొద్దస్తమానం కొట్టుకునే జనరేటరు అన్నీ వచ్చాయి. చూలు ఒంటెలు పల్లం అంచు దాకా వచ్చి, చాలాసేపు నిలబడి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవి. ఒక తొలిచూలుది పట్టపగటి ఎండలో, బయలు ఇసుకలో ఈనింది. పిల్ల రెండో రోజుకు పోయింది. ముసల్లం గుడారం ఊడదీసి, రెండు దిబ్బల అవతల వేసుకున్నాడు.

ఖల్ఫాన్ అటు వెళ్ళలేదు. పని తెమలడం లేదని పనివాళ్ళతోనే చెప్పుకునేవాడు, వాళ్ళు అడగకపోయినా. సాయంత్రాలు మాత్రం విదేశీయులను చాపల మీద కూర్చోబెట్టి, తమవాళ్ళ మర్యాదల గురించి చెప్పేవాడు. ఒకరోజు కప్పు కింద పెట్టే ఆచారం కూడా చెప్పాడు. అబద్ధం చెప్పి అడిగితే ఏమవుతుందని ఎవరో కుర్రది సరదాగా అడిగింది. మావాళ్ళలో అలాంటివాడు పుట్టలేదని చెప్పాడు. ఆ మాటకు అందరూ చప్పట్లు కొట్టారు.

ఏప్రిల్‌లో మౌజా పికప్పు నడుపుకుంటూ క్యాంపుకు వచ్చింది. చెట్ల కింద వదిలేసిన నీళ్ళ తొట్టి తీసుకెళ్ళడానికట. ముఖానికి ముసుగు, దాని వెనక సలామా కళ్ళే. ఖల్ఫాన్ పరుగున వెళ్ళి తొట్టికి చెయ్యి వేశాడు.

"వదిలెయ్ అన్నా. మేనేజరుగారి బట్టలు మాసిపోతాయి."

నాన్న ఎలా ఉన్నాడని అడిగాడు. ఉన్నాడు, కళ్ళు మాత్రం బాగానే కనిపిస్తున్నాయి అంది మౌజా. తొట్టి బండిలోకి తనే తోసింది.

"ఆవిడ కప్పు పెట్టింది కెమెరా కోసమని ఆడవాళ్ళ తెర వెనక నుంచి నాకే తెలిసింది. ఎదురుగా కూచున్న ఆయనకి తెలీదనుకున్నావా?"

ఖల్ఫాన్ బండి తలుపు పట్టుకుని ఆపాడు.

"తెలిసీ ఎందుకిచ్చాడు?"

"మరేం చెయ్యమంటావు? ఆరుగురు పరాయివాళ్ళ ముందు, మా అమ్మ పాలు తాగినవాడు అబద్ధమాడుతున్నాడని అనమంటావా? నీ పరువు కాపాడ్డానికి చెట్లిచ్చాడు. నువ్వేమో ఆవిడ్ని చూసి ఇచ్చాడనుకుని మురిసిపోయావు."

ఆమె బండి వెళ్ళిపోయాక కూడా ఖల్ఫాన్ అక్కడే నిలబడ్డాడు. మోసం చేశానన్న సిగ్గును ఇన్నాళ్ళూ ఎలాగో మోశాడు. ఆ మోసాన్ని ఆయన తన కడుపులో దాచుకున్నాడని తెలిశాక, ఆ సిగ్గు మోయడం వాడివల్ల కాలేదు. బండి తాళాలు తీసుకుని అప్పటికప్పుడు బయల్దేరాడు. నుదుటి మీద ముద్దు పెట్టి, అబద్ధమాడాను నాన్నా అని చెప్పేయాలి. క్యాంపు ఎత్తించేస్తాను, ఉద్యోగం పోతే పోనీ అని చెప్పాలి. దారి పొడుగునా ఆ మాటలే కూడబలుక్కున్నాడు.

బయలు ఎండలో ఒంటరిగా ఉంది గుడారం. బండి ఆగగానే ముసల్లం బయటికి వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన తనకోసం బయటికి రావడం ఖల్ఫాన్ చూడలేదు. తలపాగా చుట్టుకుని, చేతికర్ర పట్టుకుని, బండి దాకా నడిచి వచ్చాడు.

"దయచేయండి. ఇల్లు మీదే అనుకోండి," అన్నాడు.

ముద్దు పెట్టబోతే మర్యాదగా కుడిచెయ్యి చాచాడు. లోపల అందరికంటే పైన, మెత్తటి దిండు ఆనించి కూర్చోబెట్టాడు. ఖర్జూరాల పళ్ళెం స్వయంగా తెచ్చి ముందు పెట్టాడు. ఖల్ఫాన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాన్నా, నేను ఆ రోజు..."

ముసల్లం చెయ్యెత్తాడు.

"ఎండన పడి వచ్చారు, కాస్త సేదతీరండి. మూడు రోజులదాకా అతిథిని వచ్చిన పనేంటని అడగం మేము."

బయట మౌజా మేకను ఈడ్చుకొచ్చి గుంజకు కట్టేస్తోంది. వాళ్ళకు మిగిలినవి నాలుగో అయిదో. ముసలాయన అంగీ చేతులు పైకి మడుచుకుని, గుడారపు గుడ్డలో గుచ్చి ఉన్న కత్తి తీసుకున్నాడు.

"మేకెందుకు నాన్నా నాకు?" అన్నాడు ఖల్ఫాన్, ఏడుస్తూనే. "ఇంట్లో ఏదుంటే అది తింటాను."

"ఇంట్లో ఉన్నది మేం తింటాం," అన్నాడు ముసల్లం. "మీకు మేకను కోయకపోతే, మమ్మల్ని నలుగురూ ఏమనుకుంటారు?"